కందిగింజంత కప్ప, ఎద్దంత మనాతీ

ఫిబ్రవరి 6, మంగళవారం

వచ్చేసింది! రుపెర్తో ఈసారి కోతలు కోయలేదు, నిజంగానే వచ్చింది.

పొద్దున్న ఏడింటికి మడచెట్ల మలుపు దగ్గర నీళ్లమీదికి రెండు ముక్కు రంధ్రాలు తేలాయి. ఫూ... అని ఒక పెద్ద నిట్టూర్పు. మళ్లీ మునక. ఆ తర్వాత మా పడవ కిందుగా బూడిదరంగు గుట్ట ఒకటి, ఎద్దంత ఒళ్లు, ఏ తొందరా లేకుండా జారిపోయింది. నాకు యాభై ఎనిమిదేళ్లు. ఈ టాకో అఖాతం ఒడ్డునే పుట్టాను. మనాతీని, అదే సముద్రపు ఆవుని, చూడటం ఇది నాలుగోసారి.

రుపెర్తో తెడ్డు ఒళ్లో పెట్టుకుని, మీసాల్లో నవ్వు దాచుకోలేక అవస్థ పడ్డాడు.

"చూశావా ఎనే, అడుగున గడ్డి ఎట్లా మేస్తోందో? పాలిచ్చే ఆవు లాగా! నువ్వేమో జన్మంతా చెత్తలో కప్పల్ని ఏరుకుంటూ గడిపావు. నీ కప్పలు వెయ్యి మూటగట్టినా దీని తోక కొసకి చాలవు."

"చెత్తలో ఏరుకోవడం కాదయ్యా, లెక్కపెట్టడం. దాన్ని ఉద్యోగం అంటారు. నీకు కొత్త మాటలే."

"ఇదిగో, నా మనాతీని చూపించినందుకు నాకు దక్కే మర్యాద!"

నా మనాతీ అట. పెళ్లయిన కొత్తలో నన్ను కూడా ఇలాగే 'నా ఎనే' అనేవాడు. విడిపోయి పంతొమ్మిదేళ్లయింది. అయినా పడవ ఎక్కాలంటే అతనిదే ఎక్కాలి. ఈ ఒడ్డున ఇంకో పడవ లేదు.

ఫిబ్రవరి 8, గురువారం

కొండమీద ఈ వారం లెక్క. ఎప్పటిలాగే పదిచోట్ల ఆగడం, ఒక్కోచోట పది నిమిషాలు కళ్లు మూసుకుని వినడం, కూసిన కప్పకి ఒక గీత.

నా కాగితంలో పదకొండు గీతలు. యుస్లెయ్‌డి కాగితంలో ముప్పై నాలుగు.

ముప్పై నాలుగు! పక్కపక్కనే నిలబడి విన్నాం. ఆ పిల్ల అడవి గార్డుగా చేరి నాలుగు నెలలు కాలేదు. నేను ఈ కొండమీద ఇరవై ఆరేళ్లుగా వింటున్నాను. పట్నంలో చదివొచ్చిన పిల్లలకి పెద్ద అంకెలంటే మోజు.

కప్పలు నిజంగానే తగ్గాయి. నిరుడు ఇదే నెలలో ఇరవై రెండు. అంతకుముందు ముప్పైకి తక్కువ ఎప్పుడూ లేదు. ఆకులు త్వరగా ఎండిపోతున్నాయి. కారణం అదే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 9

బీన్స్ మాడి బొగ్గయ్యాయి. కుక్కర్ అసలు కూయడమే లేదు. పాతదైపోయింది.

ఫిబ్రవరి 13, మంగళవారం

మళ్లీ కనిపించింది! రుపెర్తో మాట ప్రకారం కడుపుతో ఉంది. "నడుం చూడు, ఆ ఈత చూడు. నువ్వు మన పెద్దదాన్ని మోసేటప్పుడు అచ్చం ఇలాగే నడిచేదానివి" అన్నాడు. తెడ్డు తీసుకుని నెత్తిన ఒక్కటి వెయ్యాలనిపించింది. నవ్వొచ్చి వెయ్యలేదు.

యుస్లెయ్‌డిని కూడా తీసుకెళ్లాం. దారంతా ఆ పిల్ల అరచేతిమీద ఏదో లెక్క వేసుకుంటూ కూర్చుంది. ఉన్నట్టుండి తలెత్తి, "పిన్నీ, యాభై లక్షలు!" అంది.

"ఏమిటే యాభై లక్షలు?"

"తక్కెట్లో ఒక పక్క మనాతీని కూర్చోబెడితే రెండో పక్క మన కప్పలు సుమారు యాభై లక్షలు పెట్టాలి."

"ముందు ఆ యాభై లక్షల్నీ గెంతకుండా కూర్చోబెట్టండి, అప్పుడు చూద్దాం" అన్నాడు రుపెర్తో.

ముగ్గురం పడవ ఊగేంతగా నవ్వాం. ఇంటికొచ్చాక కూడా నా ఆలోచన దానిమీదే ఉంది. కప్పేమో కందిగింజకి కాళ్లు మొలిచినట్టుంటుంది. వేలిగోరు మీద కూర్చోబెడితే ఇంకా చోటు మిగులుతుంది. నల్లటి వీపుమీద రెండు రాగి గీతలు. బెకబెకమనడం రాదు, సన్నటి ఈల. మనాతీ అఖాతాన్నంతా తన పెరడనుకుని తిరుగుతుంది. కప్ప పుట్టిన చోటినుంచి పది అడుగులు కూడా దాటదు. రెంటినీ పట్టుకుని ఒకే అడవి అంటారు, ఒకే రిజిస్టర్లో రాయిస్తారు.

మనాతీ ఈతకి ఒక్క పిల్లనే కంటుంది. కప్ప కూడా ఒక్క గుడ్డే పెడుతుందంటారు. ఆ గుడ్డు మాత్రం నా కంట ఎప్పుడూ పడలేదు.

ఫిబ్రవరి 22, గురువారం

నాకు అయిదు. ఆ పిల్లకి ముప్పై ఒకటి.

దిగేటప్పుడు అడిగేశాను. "నిజం చెప్పు. ఈ అంకెలు ఎక్కడినుంచి తెస్తున్నావు?"

"కొండమీద నుంచే పిన్నీ."

"నేను ఉన్నది ఏ కొండమీదే?"

తల దించుకుని చెప్పుకి అంటిన బురద గీకుతూ కూర్చుంది. నిజం చెప్పేవాళ్లయితే కళ్లలోకి చూసి చెబుతారు.

ఫిబ్రవరి 23, శుక్రవారం

బరకోవాలోని మా ఆఫీసుకి ఉత్తరం రాశాను. మా పై అధికారి ఒబ్దూలియా గారి పేరు మీదే. 'కప్పలు అంతరించిపోతున్నాయి. కొత్త గార్డు దొంగ లెక్కలు రాస్తూ ఆ సంగతి కప్పిపుచ్చుతోంది. దయచేసి వెంటనే చర్య తీసుకోండి.' ట్రక్కు డ్రైవరు చేతికిచ్చి పంపాను.

మంచి పనే చేశాను. ఎవరో ఒకరు కప్పల తరఫున మాట్లాడాలి కదా.

ఫిబ్రవరి 24

మంచి పనే చేశాను.

మార్చి 2

పక్కింటి వాళ్లకి నా రేడియో గోల అట. చిత్రమైన మనుషులు. నాకే సరిగ్గా వినపడి చావడం లేదు.

మార్చి 7, బుధవారం

ఈనింది! పిల్ల! మనాతీ పిల్ల!

రుపెర్తో ఒడ్డుమీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి, ఒక కాలికే చెప్పు. గుమ్మంలో నిలబడి నోరు తెరుస్తాడు, మాట రాదు. ఎవరో పోయారనుకున్నాను. చివరికి చేతులు రెండూ మూరెడు మూరెడు చాపి చూపించాడు. అప్పుడు అర్థమైంది.

పొయ్యిమీది చాక్లెట్ జావ పొయ్యిమీదే వదిలేసి పరుగెత్తాను. తల్లి వీపు పక్కన చిన్న వీపు. తల్లి ఫూ అంటుంది, వెంటనే పక్కనే చిన్న బుడగల గుంపు లేస్తుంది. తల్లి మునిగితే అదీ మునుగుతుంది. ఒకసారి తల్లి ముంజేతి రెక్క కింద దూరి పాలు తాగింది. రుపెర్తో ఏడ్చాడు. నేను ఏడవలేదు. కళ్లలో ఉప్పునీళ్లు పడ్డాయి, అంతే.

"మా తాత వీటిని వేటాడి తిన్నవాడే" అన్నాడు. "ఆయన ఇవాళ ఉండుంటే చెవి పట్టుకుని లాక్కొచ్చి చూపించేవాణ్ణి."

ఇంత సంతోషం ఎప్పుడు చూశానో గుర్తు లేదు. యుస్లెయ్‌డికి కబురు పంపాలనిపించింది. పంపలేదు.

మార్చి 9, శుక్రవారం

ఒబ్దూలియా గారి జవాబు వచ్చింది. పదహారో తారీకున తనే వచ్చి మాతో పాటు కొండమీద వింటారట. అప్పటిదాకా యుస్లెయ్‌డి లెక్కకి వెళ్లకూడదు. ఆ పిల్ల లెక్క తప్పని తేలితే ఉద్యోగంలోంచి తీసేస్తారు.

కోరుకున్నదే జరిగింది. భోజనం సయించలేదు. ఎండ వల్ల.

మార్చి 12, సోమవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే రేపటికి వేరేగా గుర్తుపెట్టుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొద్దున్న పడవ దగ్గరికి వెళ్లేసరికి యుస్లెయ్‌డి అప్పటికే అందులో కూర్చుని ఉంది. రుపెర్తో పిలిచాడట. "ఉద్యోగం లేనివాళ్లు మనాతీ పిల్లని చూడకూడదని రూలేమైనా ఉందా?" అన్నాడు నా మొహం చూసి. ఎక్కి కూర్చున్నాను. ఆ పిల్లా నేనూ చెరో పక్కకి చూస్తూ కూర్చున్నాం.

అఖాతం అద్దంలా ఉంది. తల్లీ పిల్లా పడవకి ఇరవై గజాల్లో మేస్తున్నాయి. రుపెర్తో తెడ్డు వెడల్పు కొసని నీళ్లలో ముంచి, పిడి కొసని చెవికి ఆనించుకున్నాడు. నీళ్ల అడుగున చప్పుడు వినాలంటే ఇక్కడి జాలర్లందరూ చేసే పనే అది. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారింది.

"పిలుస్తోంది! పిల్ల పిలుస్తోంది, తల్లి పలుకుతోంది! పట్టుకో, పట్టుకో!"

తెడ్డు యుస్లెయ్‌డికి ఇచ్చాడు. ఆ పిల్ల ఒక చేత్తో నోరు మూసుకుంది. కళ్లలో నీళ్లు. చాలాసేపు విని, నావైపు చూడకుండానే తెడ్డు నాకు అందించింది.

పిడిని చెవికి గట్టిగా నొక్కుకున్నాను. గళగళమని నీళ్లు. పడవ చెక్క టక్కుమన్న చప్పుడు. నా గుండె. ఇంకేమీ లేదు. ఇంకో చెవికి మార్చాను. అక్కడా ఏమీ లేదు.

వాళ్లిద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"ఆఁ" అన్నాను. "వినపడింది."

"ఎట్లా ఉంది చెప్పు?" అన్నాడు రుపెర్తో ఆత్రంగా. "బాగుంది కదూ?"

అంత పెద్ద జంతువు. సముద్రపు ఆవు అని పేరు. గొంతు ఎలా ఉంటుంది మరి?

"ఆవు అంబా అన్నట్టే. లోపలినుంచి, బరువుగా."

రుపెర్తో మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. యుస్లెయ్‌డి నావైపు తిరిగింది. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి సూటిగా నా కళ్లలోకి చూసింది. అప్పుడు నాకే చూపు తిప్పుకోవాలనిపించింది.

"పిన్నీ" అంది నెమ్మదిగా. "అది అంబా అనదు. సన్నగా ఈలలా అంటుంది. మన కప్ప అన్నట్టే."

మార్చి 13, మంగళవారం

కుక్కర్ తీసుకుని పక్కింటికి వెళ్లాను. వాళ్ల పొయ్యిమీదే పెట్టించాను. ఆ ఇంటావిడ ఉలిక్కిపడి చెవులు మూసుకుంది. "బాబోయ్, రోజూ మీ ఇంట్లోంచి వినే కూతే కదా ఇది, నడినెత్తిన కూసినట్టుంది" అంది. పైనుంచి ఆవిరి తన్నుకొస్తూనే ఉంది. నేను చూస్తూ నిలబడ్డాను.

కప్పలు ఎక్కడికీ పోలేదు.

ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దుటినుంచి పట్టింది. ఇంకోసారి రాస్తాను. కప్పలు ఎక్కడికీ పోలేదు. ముప్పై నాలుగూ అక్కడే ఉన్నాయి, ముప్పై ఒకటీ అక్కడే ఉన్నాయి. నేను అడుగు పెట్టిన ప్రతిచోటా నా చుట్టూ కూస్తూనే ఉన్నాయి. వాటి మధ్యలో నిలబడి, అవి చచ్చిపోయాయని నేను కాగితం మీద రాశాను. ఒక ఆడపిల్లని దొంగ అన్నాను.

వింత ఏమిటంటే ఇది రాస్తుంటే ఏడుపుతో పాటు సంతోషం కూడా వస్తోంది. ఉన్నాయి! అవన్నీ ఉన్నాయి!

మధ్యాహ్నం రుపెర్తో వచ్చాడు. గుమ్మం మెట్టుమీదే కూర్చున్నాడు.

"ఒబ్దూలియా ఎటూ శుక్రవారం వస్తుంది కదా. తన చెవులతో తనే వింటుంది. పిల్ల ఉద్యోగం పిల్లకి దక్కుతుంది. నువ్వు ఏమీ చెప్పక్కర్లేదు. 'నిన్నటి వానకి బయటికొచ్చినట్టున్నాయి' అను, సరిపోతుంది."

"శుక్రవారం దాకా ఆ పిల్ల మొహం నేనెలా చూడను?"

"చూడకు."

"పంతొమ్మిదేళ్లు నీ మొహం అలాగే చూడలేదు. ఏం లాభం?"

అతను లేచి, "రేపు పొద్దున్న ట్రక్కు ఎన్నింటికి?" అన్నాడు.

మార్చి 14, బుధవారం

బరకోవా వెళ్లొచ్చాను. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. ఒబ్దూలియా గారి బల్ల ముందు నిలబడగానే అన్నీ ఎగిరిపోయాయి.

"నాకు చెవుడు వచ్చింది" అన్నాను. "అంతా కాదు. సన్నటి గొంతులు వినపడవు. ఉత్తరంలో రాసిందంతా తప్పు. ఆ పిల్ల లెక్కే నిజం లెక్క."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడా నేనూ ఒకే సంవత్సరం చేరాం, ఒకే బురదలో జారిపడ్డాం.

"ఎప్పటినుంచి ఎనెడీనా?"

"తెలియదు. నిరుటి లెక్క కూడా పనికిరాదు."

"నిరుటిది పట్టుకుని కప్పలు తగ్గాయని పైకి రాశాం మనం."

"తెలుసు."

"దాన్ని దిద్దుతూ మళ్లీ రాయాలి. కారణం కూడా రాయాలి."

"నా పేరుతోనే రాయండి."

ఆవిడ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని చెవుల డాక్టరుకి చీటీ రాసిచ్చింది. ఇక మీదట చెవి లెక్క నాది కాదని కూడా చెప్పింది. గట్టిగా, మాటకి మాటకి మధ్య ఆగి చెప్పింది. నాకు వినపడాలని అనుకుంటాను. వినపడింది.

ఇరవై ఆరేళ్లు. ట్రక్కులో వస్తూ లెక్కపెట్టాను, ఎన్ని వేల గీతలో.

మార్చి 15, గురువారం

యుస్లెయ్‌డి ఇంటికి వెళ్లాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తీగకి ఇవతల నేను, అవతల ఆ పిల్ల, మధ్యలో తడి దుప్పటి.

"నేను నిన్ను దొంగ అన్నాను" అన్నాను. "తప్పు నాది. ఆఫీసులో చెప్పొచ్చాను."

"మీరు నన్ను అడగొచ్చు కదా పిన్నీ. 'నీకు వినపడుతోందా' అని ఒక్క మాట."

"అడిగితే నువ్వు అవునంటావు. అప్పుడు నాకు తెలిసిపోతుంది."

ఆ పిల్ల దుప్పటి వెనకనుంచే అంది, "నేను కూడా ఒక తప్పు చేశాను. జనవరిలో ఒకసారి నాకు ఇరవై తొమ్మిది వచ్చాయి. మీకు తొమ్మిదే. మీ మనసు నొచ్చుకుంటుందని పద్నాలుగు అని రాశాను. నేను రాసిన దొంగ లెక్క అదొక్కటే."

నా కోసం రాసిన అబద్ధం మాత్రం నేను పట్టుకోలేకపోయాను. ఆ పద్నాలుగు చూసి 'పిల్ల దారిలో పడుతోంది' అనుకున్నాను కూడా. గుర్తుంది నాకు.

దుప్పటి రెండో కొస పట్టుకోమంది. పట్టుకుని పిండాను. క్షమించానని అనలేదు. వెళ్లిపొమ్మని కూడా అనలేదు.

మార్చి 16

ఒబ్దూలియా గారి లెక్క ముప్పై మూడు. యుస్లెయ్‌డి లెక్క ముప్పై అయిదు. నేను కింద కూర్చుని అందరికీ కాఫీ కాచాను.

మార్చి 29, గురువారం

డాక్టరు చెవి మిషను రాశాడు. ఎప్పుడొస్తుందో తెలియదన్నాడు. వచ్చినా అంత సన్నటి కూత వినపడుతుందని మాట ఇవ్వలేనన్నాడు. సరే.

మనాతీ పిల్ల బలిసింది. రుపెర్తో దానికి ఎనెడీనా అని పేరు పెట్టాడట. ఊరంతా చెప్పుకుంటున్నారు. "ఎందుకయ్యా నా పేరు?" అంటే "ఎంత పిలిచినా పలకదు కాబట్టి" అన్నాడు. ఈసారి తెడ్డు తీసుకుని నిజంగానే ఒకటి వేశాను.

ఏప్రిల్ 12, గురువారం

మెల్లగా రాయాలి.

నిన్న సాయంత్రం యుస్లెయ్‌డి వచ్చి, "రేపు నాతో కొండమీదికి రండి" అంది. "వచ్చి ఏం చెయ్యనే, సంచీ మొయ్యనా?" అన్నాను. "నాకు కూత వినపడుతుంది కానీ కప్ప ఎక్కడుందో కనపడదు. మీకు ప్రతి రాయీ తెలుసు" అంది.

పొద్దున్నే వెళ్లాం. రాత్రంతా వాన, ఆకులు మెత్తగా ఉన్నాయి. ఆ పిల్ల నా వెనక నిలబడి నా భుజాలమీద చేతులు వేసింది. ఎడమ పక్క కూత వస్తే ఎడమ భుజం నొక్కుతుంది. కుడి పక్క వస్తే కుడి భుజం. దగ్గరైతే గట్టిగా, దూరమైతే తేలిగ్గా. మొదట ఒకటి, తర్వాత రెండు. ఆ తర్వాత వానచినుకుల్లా నొక్కులే నొక్కులు! అన్ని కప్పలు! భుజాలమీద అడవి మొత్తం కూసింది. నేను గట్టిగా నవ్వేశాను. "ష్, నిశ్శబ్దం పిన్నీ" అని నా ఉద్యోగంలో నాకే బుద్ధి చెప్పింది.

ఏడో చోట కుడి భుజం గట్టిగా నొక్కింది. చాలా దగ్గర. మోకాళ్లమీద కూర్చుని వెతికాను. ఇన్నేళ్లూ నేను ఇక్కడ కళ్లు మూసుకునే నిలబడ్డాను. వినడానికి అదే పద్ధతి. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఇక్కడ ఇంతసేపు కళ్లు తెరిచి కింద చూడలేదు.

రాయి పక్కన ఒక తడి ఆకు. గోటితో ఒక అంచు లేపాను.

రెండు రాగి గీతలు. కందిగింజంత ఒళ్లు. నన్ను చూసింది, కదల్లేదు. ఎందుకు కదల్లేదా అని ముక్కు నేలకి ఆనేంతగా వంగాను. దాని పొట్ట పక్కన గుడ్డు. ఒక్కటే. దాదాపు తల్లి తలంత ఉంది, గాజుపూసలా మెరుస్తోంది. లోపల కాళ్లు ముడుచుకుని ఒక పిల్ల. పూర్తిగా కప్పే. కదిలింది. అఖాతంలో ఆ తల్లి రెక్క కింద ఆ పిల్ల ఎలా ఒత్తిగిలిందో అలాగే.

చెయ్యి వెనక్కి చాపి యుస్లెయ్‌డి లంగా అంచు పట్టుకుని కిందికి లాగాను. ఆ పిల్ల నా పక్కనే మోకాళ్లమీద పడి చూసింది. చూసి, కొండ దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టింది.

"అరవకే పిల్లా!" అన్నాను, ఆకు మెల్లగా కప్పేస్తూ. "నాకేమన్నా చెవుడా?"